రోజూ థైరాయిడ్ మాత్ర మింగుతున్నా టీఎస్‌హెచ్ దిగట్లేదు, నాలాంటోళ్లు ఎవరైనా ఉన్నారా

గాజువాక_అక్క | జూన్ 2, రాత్రి 10:48
అందరికీ నమస్తే. ఎన్నాళ్లనుంచో ఇక్కడ చదవడమే గాని రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమనుకోకండి. నాకు 36. సంక్రాంతి ముందు నుంచి ఒంట్లో ఒకటే నీరసం, పొద్దున్న లేచేసరికి మొహం ఉబ్బిపోయి గొంతు బొంగురుపోయి ఉండేది, మా పాప అయితే అమ్మా నువ్వు నాన్నలా మాట్లాడుతున్నావ్ అనేది. మార్చిలో మన వైజాగ్ ఉక్కపోత ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా, ఇంట్లో అందరూ ఫ్యాన్ పెంచమంటే నేను దుప్పటి కప్పుకుని కూర్చునేదాన్ని. దువ్వెన నిండా జుట్టు, మోషన్ రెండ్రోజులకోసారి, నెలసరి మొదలైతే ఎనిమిది తొమ్మిది రోజులు ఆగదు. మా ఆయన పోరు పెడితే మార్చి ఆఖర్లో టెస్టులు చేయించాం. టీఎస్‌హెచ్ 14.6 (నాలుగు చిల్లర దాటకూడదట), ఫ్రీ టీ4 అంటే రక్తంలో థైరాయిడ్ హార్మోన్ 0.7, హిమోగ్లోబిన్ 9.2. థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) 50 మైక్రోగ్రాములు రాసి రెండు నెలలాగి మళ్లీ చూద్దాం అన్నారు. ఒక్క రోజు మానలేదండి. నిన్న రిపోర్ట్ వచ్చింది, 13.1. రెండు నెలల మాత్రలు ఏ గంగలో కలిసాయో తెలీదు. అత్తగారు క్యాబేజీ మానెయ్ అంటారు, పక్కింటావిడ డోస్ 100 చేయించేసుకో అంటుంది, ఆడపడుచు ఈ మాత్రలు జీవితాంతం వాడితే కిడ్నీలు పోతాయంటుంది. శనివారం డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈలోగా ఎవరికైనా ఇలా అయిందా?

ప్రకృతి_బాట | జూన్ 2, రాత్రి 11:05
అక్కా ముందు ఆ ఇంగ్లీషు మాత్ర ఆపేయండి. రాత్రి ధనియాలు నానబెట్టి పొద్దున్న మరిగించి తాగండి, 40 రోజుల్లో థైరాయిడ్ వేళ్లతో సహా పోతుంది. లింక్ పెడుతున్నాను. [లింక్ తీసివేయబడింది]

సిరిపురం_సెటైర్ | జూన్ 2, రాత్రి 11:11
థైరాయిడ్ వేళ్లతో సహా పోతే మనిషి కూడా దాని వెనకే పోతాడు బాబూ. అది గొంతు ముందర సీతాకోకచిలక ఆకారంలో ఉండే గ్రంథి, పుట్టిన దాదాపు ప్రతి ఒక్కరికీ ఉంటుంది. నాకు థైరాయిడ్ ఉందండీ అని ఎవరైనా చెప్తే, సంతోషమండి నాక్కూడా ఉంది అంటాన్నేను. తక్కువ పనిచేస్తోందా ఎక్కువ పనిచేస్తోందా వాచిందా గడ్డ కట్టిందా, అది చెప్పాలి. ఈ ఊళ్లో సగం గొడవ ఒకే పేరుతో నాలుగు జబ్బుల్ని పిలవడం వల్లే.

ల్యాబ్‌కోట్ | జూన్ 3, ఉదయం 6:20
అక్కా, మాత్ర ఆపకండి. నేను మహారాణిపేటలో ల్యాబ్‌లో పనిచేస్తాను, డాక్టర్ని కాదు, మందులు చెప్పను. ఒకటి మాత్రం అడుగుతాను. మాత్ర ఎన్నింటికి వేసుకుంటారు, దేనితో మింగుతారు, ఆ తర్వాత ఎంతసేపటికి ఏం తింటారు లేదా తాగుతారు, ఇంకేం మాత్రలు వాడుతున్నారు? సిగ్గుపడకుండా ఉన్నదున్నట్టు చెప్పండి.

గాజువాక_అక్క | జూన్ 3, ఉదయం 9:32
ఇందులో సిగ్గేముందండి. మర్చిపోతానని మా ఆయన రాత్రే చిన్న స్టీలు గిన్నెలో మూడూ వేసి గ్యాస్ గట్టు మీద పెడతారు. ఒకటి థైరాక్సిన్, ఒకటి గైనకాలజిస్టు రాసిన ఐరన్ మాత్ర (రక్తం తక్కువుందని), ఒకటి కాల్షియం. పొద్దున్న ఆరింటికి డికాషన్ దిగుతుంది, కాఫీ కలుపుకుని ఆ మూడూ నోట్లో వేసుకుని కాఫీతోనే గుటుక్కున మింగేస్తాను. పరగడుపునే వేసుకుంటున్నాను సార్, టిఫిన్ ఎనిమిదిన్నరకి గాని తినను.

ల్యాబ్‌కోట్ | జూన్ 3, ఉదయం 9:50
దొరికింది అక్కా. మీ మాత్రలు గంగలో కలవలేదు, ఆ కాఫీలో కలిసాయి.

థైరాక్సిన్ బహు సున్నితమైన మందు. ఐరన్, కాల్షియం కడుపులో దీన్ని పట్టేసుకుంటాయి, రక్తంలోకి వెళ్లనివ్వవు. కాఫీ కూడా లోపలికి ఇంకకుండా అడ్డం పడుతుంది. పరగడుపు అంటే టిఫిన్ తినకుండా అని చాలామంది అనుకుంటారు, అసలు అర్థం మంచినీళ్లు తప్ప ఇంకేం లేకుండా అని. నీళ్లతో మింగాలి, అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా ముట్టకూడదు, ఐరన్ కాల్షియం కనీసం నాలుగు గంటల తర్వాత. గ్యాస్ మాత్రలు వాడితే అవి కూడా డాక్టర్‌కి చెప్పాలి.

ఇంకో మెలిక చూడండి. థైరాయిడ్ తగ్గితే నెలసరి ఎక్కువ పోతుంది, అలా పోయి పోయి రక్తం తగ్గింది, రక్తం తగ్గిందని ఐరన్ రాసారు, ఆ ఐరనే థైరాయిడ్ మాత్రని ఆపేసింది, థైరాయిడ్ తగ్గే ఉంది కాబట్టి నెలసరి మళ్లీ ఎక్కువ పోతోంది. ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టు అక్కడక్కడే తిరుగుతున్నారు. ఇద్దరు డాక్టర్లూ రాసింది కరెక్టే, వాళ్లిద్దరి చీటీలూ మీ గిన్నెలో కలిసాయి అంతే.

మధురవాడ_మమ్మీ | జూన్ 3, ఉదయం 10:14
అయ్యో నేనూ సంవత్సరం పాటు టీతోనే వేసుకున్నాను, ఎవరూ చెప్పలేదు 😭 చీటీ మీద "ఉదయం పరగడుపున" అని ఒక్క ముక్క ఉంటుంది, మన ఇళ్లల్లో పొద్దున్న టీ అంటే ఆహారం కింద ఎవరు లెక్కేస్తారు చెప్పండి.

షిఫ్ట్_బి | జూన్ 3, మధ్యాహ్నం 2:40
నాది దీనికి రివర్స్ కేసు. మాది కూర్మన్నపాలెం, ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. రెండేళ్ల కింద నాలుగు నెలల్లో 78 కిలోలోణ్ణి 66 అయిపోనాను. తిండేమో రెండింతలు, రాత్రి షిఫ్టులో క్యారేజీ ఖాళీ చేసి క్యాంటీన్లో మళ్లీ తినీవోణ్ణి. టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికి టీ చొక్కా మీద పడీది, ఫ్రెండ్సు ఏరా మందు ఎక్కువైనాదా అని ఒకటే నవ్వులు. చెమటలు పడతన్నాయంటే వైజాగ్‌లో ఎవడికి పట్టవురా అన్నారు, అది నిజమే కదా అని నేనూ వదిలీసాను. పడుకుంటే గుండె దడదడా చెవుల్లో వినిపించీది. సుగర్ అనుకుని టెస్టు చేయిస్తే సుగర్ లేదు, ఒక పెద్దాయన కళ్లు చూసి, కళ్లెందుకు అలా ముందుకొచ్చాయి థైరాయిడ్ చేయించు అన్నాడు. టీఎస్‌హెచ్ 0.01 కన్నా తక్కువ. గ్రేవ్స్ జబ్బంట. అక్కా మీ 13లో కొంచెం నాకిచ్చి ఉంటే ఇద్దరం గట్టెక్కీవోళ్లం.

సిరిపురం_సెటైర్ | జూన్ 3, మధ్యాహ్నం 2:58
గ్రేవ్ అంటే ఇంగ్లీషులో సమాధి కదా, అలా ఎందుకు పేరు పెట్టారో ఆ జబ్బుకి, వింటేనే భయం.

ల్యాబ్‌కోట్ | జూన్ 3, సాయంత్రం 5:05
సమాధి కాదు సార్, మనిషి పేరు. రాబర్ట్ గ్రేవ్స్ అని ఐర్లండ్ డాక్టర్, 1835లో వర్ణించాడు. మన ఒంట్లో రోగాలతో పోరాడే వ్యవస్థే పొరపాటున థైరాయిడ్‌ని రెచ్చగొట్టే యాంటీబాడీలు తయారుచేస్తుంది, అది ఆగకుండా హార్మోన్ పోస్తూనే ఉంటుంది. దానికి తిరగేసిన జబ్బు హషిమోటో, జపాన్ డాక్టర్ హషిమోటో 1912లో రాసాడు, అక్కడ అదే వ్యవస్థ గ్రంథిని మెల్లమెల్లగా తినేస్తుంది. ఉప్పులో అయోడిన్ బాగా అందే చోట హైపోకి, అంటే థైరాయిడ్ తక్కువ పనిచెయ్యడానికి, ఎక్కువగా కారణం ఇదే. రెండూ ఆడవాళ్లలోనే చాలా ఎక్కువ. అక్కా మీ రిపోర్టులో యాంటీ టీపీవో (ఆ యాంటీబాడీల టెస్టు) లేదు, శనివారం డాక్టర్ని అడగండి.

టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ పెరిగిందని అనుకునేవాళ్లు మా కౌంటర్‌కి రోజుకి పదిమంది వస్తారు, అందుకని చెప్తున్నాను. టీఎస్‌హెచ్ థైరాయిడ్‌ది కాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీది. పిట్యూటరీ మేస్త్రీ, థైరాయిడ్ కూలీ. కూలీ నిద్రపోతే మేస్త్రీ గొంతు పెంచుతాడు, అదే 14.6. కూలీ చెప్పకుండానే రాత్రీపగలూ ఇటుకలు మోస్తుంటే మేస్త్రీకి నోరెత్తే పని లేదు, అదే 0.01. మామూలుగా 0.4 నుంచి 4 చిల్లర దాకా ఉంటే మేస్త్రీ మామూలుగా మాట్లాడుతున్నట్టు, ల్యాబ్‌ని బట్టి కొంచెం అటూఇటూ.

మధురవాడ_మమ్మీ | జూన్ 3, సాయంత్రం 6:22
మేస్త్రీ కథ సూపర్, మా ఆయనకి ఇన్నాళ్లకి అర్థమైంది 😄 నాది ఇంకో రకం. బాబు పుట్టిన నాలుగో నెలలో గుండె దడ, నిద్ర లేదు, బరువు దిగిపోయాను, అందరూ బాలింత నీరసం అన్నారు, పిల్లాడు నిద్రపోనివ్వట్లేదని నేనూ అనుకున్నాను. ఏడో నెలకి మొత్తం తిరగబడింది, చలి, మలబద్ధకం, ఏడుపు, పిల్లాణ్ణి ఎత్తుకోడానికి కూడా మనసయ్యేది కాదు. పోస్ట్‌పార్టమ్ థైరాయిడైటిస్ అన్నారు, కాన్పయిన ఏడాది లోపు వస్తుందట, ముందు గ్రంథిలో దాచిన హార్మోన్ ఒక్కసారిగా బయటికి కారిపోయి ఎక్కువైనట్టు కనిపించి తర్వాత ఖాళీ అయిపోతుందట. చాలామందికి మళ్లీ మామూలవుతుంది, నాకు కాలేదు, ఇప్పుడు 75 వేసుకుంటున్నాను.

రెండో కాన్పుకి మాత్రం మా డాక్టరమ్మ ముందే గట్టిగా చెప్పారు, ఇంట్లో టెస్టులో రెండు గీతలు కనిపించిన రోజే ఫోన్ చెయ్ అని. మొదటి మూడు నెలలు కడుపులో బిడ్డ మెదడు ఎదుగుదలకి తల్లి హార్మోనే ఆధారం, అందుకని డోస్ అప్పుడే పెంచాల్సి వస్తుందట. పాప పుట్టాక మూడో రోజున మడమ పొడిచి రక్తం చుక్క తీసారు, పుట్టుకతో థైరాయిడ్ లేని, లేదా సరిగ్గా పనిచెయ్యని పిల్లల్ని పట్టుకోడానికి. మా అత్తగారు పసిపిల్లకి సూదేంటని గొడవ గాని, వెంటనే పట్టుకుని మందు మొదలుపెడితే బుర్ర ఎదుగుదల దెబ్బతినదట, నెలలు దాటితే పోయింది తిరిగి రాదట. ఎవరికైనా కాన్పు దగ్గరుంటే అడిగి చేయించండి ప్లీజ్.

పెందుర్తి_పెద్దాయన | జూన్ 3, రాత్రి 8:45
అందరికీ నమస్కారం. నేను రిటైర్డ్ టీచర్ని, పాడేరు వైపు చాలా ఏళ్లు పనిచేసాను. అప్పట్లో కొండ మీద ఊళ్లల్లో పెద్దవయసు ఆడవాళ్లకి మెడ కింద చిన్న సంచి వేలాడినట్టు వాపు ఉండేది, పుస్తకాల్లో గళగండం అంటారు. కొండ మట్టిలో అయోడిన్ వానలకి కొట్టుకుపోతుంది, ఆ మట్టిలో పండిన తిండిలో అది ఉండదు. అయోడిన్ లేకపోతే హార్మోన్ తయారుకాదు, తయారుచేద్దామని గ్రంథి పెరిగి పెరిగి అలా వాస్తుంది.

దీని మీద దేశానికి దారి చూపించింది మనవాడే అని ఈ తరానికి తెలుసో లేదో. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు, 1921లో శ్రీకాకుళంలో పుట్టారు, మన వైజాగ్ కేజీహెచ్ ఆస్పత్రి పక్కన ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివారు, తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్‌గా, ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి) డైరెక్టర్ జనరల్‌గా చేసారు. 1956లో హిమాచల్ కాంగ్రా లోయని మూడు భాగాలు చేసి రెండిటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు ఇచ్చి కొన్నేళ్లు చూసారు. అయోడిన్ ఉప్పు తిన్న చోట వాపులు బాగా తగ్గాయి. 1962లో జాతీయ కార్యక్రమం వచ్చింది ఆ పని చలవే. బీచ్ రోడ్డు మీద ఇన్ని విగ్రహాలున్నాయి గాని, పిల్లలకి ఈయన గురించి చెప్పేవాళ్లు నాకైతే కనపడలేదు.

గాజువాక_అక్క | జూన్ 3, రాత్రి 9:10
గురువుగారూ మా ఇంట్లో ఏడాది నుంచి ఆ గులాబీ రంగు సైంధవ లవణమే వాడుతున్నాం, ఆరోగ్యానికి మంచిదని ఆడపడుచు చెప్పింది. దానివల్లేనంటారా?

ల్యాబ్‌కోట్ | జూన్ 3, రాత్రి 9:26
సైంధవంలో, మామూలు రాళ్లుప్పులో చెప్పుకోదగ్గ అయోడిన్ ఉండదు. మనం రొయ్యలూ సముద్రం చేపలూ తినేవాళ్లం కాబట్టి కొంత అందుతుంది, కూరగాయలే తినే ఇళ్లల్లో అదీ ఉండదు. అయోడైజ్డ్ ఉప్పుకి మారిపోండి, మూత ఉన్న డబ్బాలో పొయ్యికి దూరంగా పెట్టండి. కాకపోతే మీ జబ్బు ఉప్పువల్లే అని చెప్పలేం, యాంటీ టీపీవో వస్తే తెలుస్తుంది. అలాగని అయోడిన్ మంచిదట కదా అని సముద్రపు నాచు మాత్రలు కొనకండి, ఎక్కువైనా హషిమోటో ముదురుతుంది. పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాములు చాలు, అది కూరలో ఉప్పుతోనే వచ్చేస్తుంది.

క్యాబేజీ సంగతి. పచ్చిది గంపలకొద్దీ తింటే తప్ప భయం లేదు, ఉడికించి కూరొండుకుంటే ఏం కాదు. అత్తగారికి చెప్పండి, క్యాబేజీ పెసరపప్పు కూర మళ్లీ మొదలెట్టమని.

జుట్టు_గోల | జూన్ 3, రాత్రి 11:30
నా కథ వింటే నవ్వుతారు. జుట్టు ఊడుతోందని ఆన్‌లైన్లో బయోటిన్ అనే విటమిన్ 10 ఎంజీ మాత్రలు తెప్పించుకుని వేసుకున్నాను. తర్వాత థైరాయిడ్ చేయిస్తే టీఎస్‌హెచ్ 0.1, టీ4 ఎక్కువ. హైపర్, అంటే థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోంది అన్నారు, ఒక రాత్రంతా గూగుల్ చదివి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. రెండో డాక్టర్ గారు జుట్టు మాత్రలేమైనా వాడుతున్నారా అని అడిగారు. ఆపి వారం తర్వాత చేస్తే అన్నీ నార్మల్. బయోటిన్ కొన్ని మెషిన్లలో టెస్టునే తప్పుగా చూపిస్తుందట, నాకు జబ్బే లేదు!! మాత్రలకి రెండు వేలు, టెస్టులకి రెండు వేలు, ఏడుపు ఫ్రీ.

షిఫ్ట్_బి | జూన్ 4, ఉదయం 7:15
నాది అలా తప్పు రిపోర్టు అయితే బావుండు 😂 హార్మోన్ తగ్గించడానికి కార్బిమజోల్ ఇచ్చారు, వణుకు తగ్గడానికి ప్రొప్రనలాల్. ఒక్కటి మాత్రం అందరూ గుర్తెట్టుకోండి, నేను ఆల్‌మోస్ట్ పోనాను. మందు మొదలెట్టిన ఆరో వారం గొంతు నొప్పి, జ్వరం 102. వాన్లో తడిసాను కదా అని పారాసిటమాల్ మింగి డ్యూటీకి ఎల్లిపోనాను. మా ఆవిడ మందుల చీటీ వెనక డాక్టర్ గారు రాసిన లైన్ చదివింది, "జ్వరం, గొంతు నొప్పి వస్తే మాత్ర ఆపి వెంటనే రక్తపరీక్ష" అని. చేయిస్తే తెల్లకణాలు దారుణంగా పడిపోయున్నాయి. వారం హాస్పిటల్లో ఉన్నాను. ఇది అరుదే గాని వచ్చిందంటే ప్రాణం మీదకొస్తాది. ఆ తర్వాత రేడియో అయోడిన్ (గ్రంథిని లోపల్నుంచే కాల్చీసే మందు) ఇచ్చారు, ఇప్పుడు గ్రంథి పనిచెయ్యడం మానేసింది, నేనూ మీలాగే థైరాక్సిన్ పార్టీ. సిగరెట్ మానీసాను కూడా, గ్రేవ్స్ ఉన్నోడు కాలిస్తే కళ్లు ఇంకా పాడవుతాయంట. చిన్నప్పటి ఫోటోలో లాగ కళ్లు ఇక అవవు గాని అద్దం చూసుకోగలను.

మధురవాడ_మమ్మీ | జూన్ 4, ఉదయం 7:40
అన్నా షిఫ్టుల్లో మాత్ర టైమ్ ఎలా మరి? ఒక వారం పొద్దున్న నిద్ర, ఒక వారం రాత్రి నిద్ర కదా.

షిఫ్ట్_బి | జూన్ 4, ఉదయం 7:52
అదే పెద్ద గోలండి. డాక్టర్ గారే చెప్పారు, పొద్దున్నే వేసుకోవాలని రూల్ ఏం లేదు, భోజనం అయిన మూడు నాలుగు గంటల తర్వాత పడుకునే ముందు వేసుకున్నా పనిచేస్తాది, కడుపు ఖాళీగా ఉంటే చాలని. ఒక రోజు మర్చిపోతే కంగారు పడొద్దన్నారు, మందు ఒంట్లోంచి సగం పోడానికే వారం పడతాదంట. అందుకే డోస్ మార్చాక ఆరు వారాలు ఆగి గాని టెస్టు చెయ్యరు.

సీతమ్మధార_సీనియర్ | జూన్ 4, ఉదయం 11:02
మా అమ్మగారికి 78, హెల్త్ చెకప్‌లో టీఎస్‌హెచ్ 6.4, టీ4 నార్మల్, మనిషి హుషారుగా రోజూ పార్కుకి వెళ్లొస్తారు. వెంటనే మాత్ర మొదలెట్టమని ఒకరన్నారు. ఇంకొకరు వయసు పెరిగేకొద్దీ టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువే ఉంటుంది, మూడు నెలలాగి మళ్లీ చూద్దాం, ఈ వయసులో అవసరం లేకుండా ఇస్తే గుండె లయ తప్పొచ్చు ఎముకలు గుల్లబారొచ్చు అన్నారు. రెండోసారి 5.8 వచ్చింది, మాత్ర లేదు. అదే సందర్భంలో మెడ స్కాన్‌లో గడ్డొకటి కనపడి ఇల్లంతా క్యాన్సర్ అని గుండెలు బాదుకున్నాం, సూదితో తీసి చూస్తే బెథెస్డా 2, అంటే మంచి గడ్డే. ఇలాంటి గడ్డల్లో పదింటిలో తొమ్మిదికి పైగా ఇలాంటివేనట. ముందే తెలిస్తే ఆ వారం అన్నం సయించేది.

గాజువాక_అక్క | జూన్ 7, రాత్రి 9:18
వెళ్లొచ్చామండి. గిన్నె సంగతి చెప్పగానే డాక్టర్ గారు పెన్ను కింద పెట్టేసి నవ్వారు. నిజానికి నేను లోపలికి వెళ్లేసరికే చీటీ మీద 75 రాసేసి ఉన్నారు, అది కొట్టేసి మళ్లీ 50 చేసారు. టైమ్ సరిచేసుకుని డోస్ కూడా పెంచేస్తే ఒక్కసారిగా ఎక్కువైపోయి దడ పుడుతుంది, ముందు 50నే సరిగ్గా లోపలికి పోనిద్దాం అన్నారు. యాంటీ టీపీవో 380, హషిమోటోనే. కిడ్నీల సంగతి కూడా అడిగాను, ఒంట్లో తయారవ్వాల్సిన హార్మోనే బయట నుంచి ఇస్తున్నాం తప్ప ఇదేదో విషం కాదమ్మా అన్నారు. బరువు అడిగాను, ఏడాదిలో 11 కిలోలు పెరిగాను కదా అంతా థైరాయిడేనా అని. మూడు నాలుగు కిలోలు, అదీ ఎక్కువ భాగం నీరు, మిగతాదానికి థైరాయిడ్‌ని తిట్టకు అన్నారు 🙈 మాత్రల సీసా గ్యాస్ గట్టు మీంచి తీసి వేడీ చెమ్మా తగలని బెడ్‌రూమ్ అల్మరాలో పెట్టాను.

సిరిపురం_సెటైర్ | జూన్ 7, రాత్రి 9:30
మిగతా ఏడు కిలోల మీద ఆదివారం పూరీలకీ మైసూర్‌పాక్‌కీ కేసు పెట్టండి.

గాజువాక_అక్క | జూలై 29, రాత్రి 10:02
అందరూ మర్చిపోయుంటారు గాని అప్‌డేట్ పెడదామని వచ్చాను. అదే 50, ఏడు వారాలు, టీఎస్‌హెచ్ 4.9! హిమోగ్లోబిన్ 10.8. ఈ నెల నెలసరి ఐదు రోజుల్లో అయిపోయింది. పాప అమ్మ గొంతు వచ్చేసింది అంటోంది. జుట్టు ఇంకా ఊడుతోంది, దానికి టైమ్ పడుతుందన్నారు. టీఎస్‌హెచ్ ఇంకొంచెం దింపాలని డోస్ 62.5 రాసారు.

ఇప్పుడు అయిదింటికి లేచి నీళ్లతో మాత్ర వేసుకుని మళ్లీ పడుకుంటాను. ఆరింటికి కాఫీ, ఐరన్ మధ్యాహ్నం భోజనానికి ముందు నిమ్మరసంతో, కాల్షియం రాత్రి. మొదటి పది రోజులు ఆ గంట కాఫీ లేకుండా నరకం చూసాను, పక్కగదిలో మా ఆయన డికాషన్ దింపుతుంటే ఆ వాసనకి నిద్రెక్కడ పడుతుందండి.

ల్యాబ్‌కోట్ | జూలై 30, ఉదయం 6:10
చాలా సంతోషం అక్కా. సెప్టెంబర్ టెస్టుకి వచ్చేటప్పుడు పోయినసారిలాగే పొద్దున్నే, అదే ల్యాబ్‌లో ఇవ్వండి, రక్తం ఇచ్చాకే ఆ రోజు మాత్ర వేసుకోండి. ఆ స్టీలు గిన్నె ఏం చేసారు?

గాజువాక_అక్క | జూలై 30, ఉదయం 9:15
ఆవకాయ వడ్డించుకోడానికి తీసుకున్నాం. సైంధవం డబ్బా ఆడపడుచుకి పంపించేసాను.